భయము ఎవరి సొత్తు?



భయానక రసమును గూర్చి కొంతసేపు మాటాడుమని రేడియోవారు కోరినప్పుడు నేను సంతోషముతో ఒప్పుకొంటిని. చిరకాలము పాఠశాలలో పిల్లలకు పద్యములు చెప్పినవాడను గనుక, ప్రబంధముల నుండి ఒక శ్మశానవర్ణనయు, ఒక అరణ్యవర్ణనయు ఏరి, వాని సొగసు చెప్పి సెలవు తీసికొందునని తలచితిని. ఇంతలో మా యింట ఒక చిన్న సంగతి జరిగినది. వేసవి సెలవులకు వచ్చిన మా మనుమడు ఒకనాటి రాత్రి కంప్యూటరు ముందఱ కూర్చుండి ఏదో పాత ఇంగ్లీషు సినిమా చూచుచుండెను. "ఏమిరా అది?" అంటిని. "దయ్యాల సినిమా తాతయ్యా, నువ్వు చూడలేవు, పడుకో" అనెను. పడుకొమ్మనగానే పడుకొను స్వభావము నాకు చిన్ననాటి నుండియు లేదు. ప్రక్కన కూర్చుండి గంటన్నర చూచితిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందులకు కారణము దయ్యములు కావు. ఆ కారణమునే నేడు మీకు విన్నవింపబోవుచున్నాను.

ఆ సినిమా పేరు 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'. మన భాషలో 'బ్రతికిన పీనుగుల రాత్రి' అనవచ్చును. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, ఉక్కునకు పేరుపడిన పిట్స్‌బర్గు పట్టణమున, వ్యాపార ప్రకటనల ఫిలిములు తీసి జీవించుచుండిన కొందఱు యువకులు 1967వ సంవత్సరమున దీనిని తీసిరి. సుమారు 1,14,000 డాలర్లు వ్యయమైనది; సినిమాల లెక్కలో అది చిల్లర. రంగుల ఫిలిమునకు సొమ్ము చాలక నలుపు తెలుపులలో తీసిరి. దర్శకుడు జార్జి రొమేరో. 1968 అక్టోబరు 1వ తేదీన పిట్స్‌బర్గులో తొలి ప్రదర్శనము జరుగునాటికి అతనికి 28 ఏండ్లు.

కథ పెద్దది కాదు. ఒక అన్నయు చెల్లెలును తండ్రి సమాధిపై పూలదండ నుంచుటకు శ్మశానమునకు వత్తురు. అన్న చెల్లెలిని వేళాకోళము చేయుచుండగా పాలిపోయిన మొగముతో ఒకడు తడబడుచు వచ్చి మీదపడును. అన్న సమాధిరాతిపై పడి ప్రాణము విడుచును. బార్బ్రా అను ఆ చెల్లెలు పరుగెత్తి పొలముల నడుమనున్న ఒక ఒంటరి యింట దూరును. అంతలో బెన్ అను నల్లజాతి యువకుడు లారీపై అచటికి వచ్చును. చచ్చినవారు లేచి బ్రతికినవారిని తినుచున్నారని క్రమముగా తెలియును. ఆ యింటి నేలమాళిగలో అంతకుముందే కొందఱు దాగియుందురు: కూపర్ అను గృహస్థు, అతని భార్య, పీనుగు కఱచుటచే జ్వరపడియున్న వారి కూతురు, మఱియొక యువదంపతుల వంటి జంట. వీరందఱు ఒక రాత్రి గడపవలెను. అంతే కథ.

ఇప్పుడు నా శాస్త్రమునకు వత్తును. భరతముని నాట్యశాస్త్రమున భయానక రసము దేనివలన పుట్టునో చెప్పినాడు. వికృతమైన ధ్వనులు, భూతముల దర్శనము, నక్కల కూతలు, గుడ్లగూబల అఱపులు, పాడుపడిన ఇండ్లు, అడవులు — ఇవి విభావములు. ఎన్నడును శాస్త్రము చదువని ఆ పిట్స్‌బర్గు యువకులు, శూన్యగృహమును శవమును విడువక, ఇంచుమించు ఆ పట్టిక ప్రకారమే సినిమా తీసిరి. మనుష్యుని గుండె ఎక్కడనైనను ఒకటియే గదా! కాని శాస్త్రము అంతటితో ఊరకుండలేదు. ఈ భయము ఎవరికి తగునో కూడ చెప్పినది. వీరము ఉత్తమప్రకృతుల సొత్తు. భయము స్త్రీలకును నీచపాత్రలకును సహజము. వీరమునకు గౌరవర్ణము, భయానకమునకు కృష్ణవర్ణము, దానికి అధిదేవత కాలుడు. ఈ వర్ణములు రంగస్థలపు సంకేతములే గాని మనుష్యుల చర్మమును గూర్చి ముని చెప్పినవి కావు. ఈ వాక్యములను నేను ఎన్నిసార్లు అప్పగించియుందునో లెక్కలేదు. అప్పగించిన మాటను ఆలోచించుట మాత్రము చాల ఆలస్యముగా జరిగినది.

మునిని ఎఱుగని అమెరికావారు ఆ సూత్రమును మునికంటె కఠినముగా పాటించిరి. 1940వ సంవత్సరపు 'ఘోస్ట్ బ్రేకర్స్' అను చిత్రమున బాబ్ హోప్ అను తెల్ల హాస్యనటునకు ఒక నల్ల సేవకుడు. ఆ వేషము వేసినవాడు విల్లీ బెస్ట్. దయ్యమనిన వాని మోకాళ్లు కొట్టుకొనవలెను, కన్నులు వెలికి రావలెను, చూచువారు పొట్టచెక్కలగునట్లు నవ్వవలెను. అతని తొలి చిత్రములు కొన్నిటిలో అతని పేరైనను వేయలేదు. 'నిద్రపో, తిను' అను అర్థమిచ్చు వెక్కిరింతపేరు వేసిరి. మఱుసటి సంవత్సరము వచ్చిన 'కింగ్ ఆఫ్ ది జాంబీస్' చిత్రమున మాంటన్ మోర్‌లాండ్ అను మఱియొక నల్లనటుడు అట్టి సేవకవేషమే వేసెను. అతడు మాటల చురుకు తెలిసిన గొప్ప హాస్యగాడు. వీరు చేతగానివారు గారు. చేతనైన దానిని చేయనియ్యక, వణకుటకు మాత్రము జీతమిచ్చిరి. యజమాని ధైర్యవంతుడని తెలియవలెనన్నచో ప్రక్కన ఒకడు వణకవలెను. ఆ వణకు నల్లవాని పాలబడినది.

ఈ సందర్భమున 'జాంబీ' అను మాట పుట్టుక చెప్పక తప్పదు. ఇది నాకును క్రొత్తగా తెలిసిన సంగతియే. కరిబియన్ సముద్రమున హెయితి అను దేశము కలదు. ఫ్రెంచివారు ఆఫ్రికా నుండి మనుష్యులను ఓడలలో తెచ్చి, అచట చెఱకుతోటలలో బానిసలుగా పనిచేయించిరి. 1791లో ఆ బానిసలు తిరుగబడి, 1804లో స్వతంత్రులైరి. ఆ జనుల నమ్మకములలో జాంబీ యనగా మనలను పీడించు దయ్యము కాదు. మంత్రగాడు గోతి నుండి లేపి, బుద్ధి తీసివేసి, పనికి తోలుకొనిపోవు శవము. దానిని చూచి భయపడుట కంటె, దానివలె అయిపోదుమేమో యని భయపడుదురు. బానిసకు చావొక్కటే విడుదల. ఆ చావు తరువాతకూడ చాకిరి తప్పనియెడల? ఆ భయము ఎంత లోతైనదో యోచింపుడు.

అమెరికా సేనలు 1915 మొదలు 1934 వఱకు హెయితిని ఆక్రమించియుండెను. ఆ కాలముననే, 1932లో, 'వైట్ జాంబీ' అను సినిమా వచ్చినది. అందులో ఒక చెఱకుమిల్లు కలదు. జీవములేని కూలీలు గానుగ త్రిప్పుచుందురు. ఒకడు కాలుజాఱి యంత్రములో పడిపోవును. తక్కినవారు ఆగరు, త్రిప్పుచునే యుందురు. ఒడలు జలదరించు దృశ్యము! కాని కథ ఆ కూలీని గూర్చి ఒక్క కన్నీటిబొట్టయినను విడువదు. ఒక తెల్ల వధువు జాంబీ అయిపోయెనే యన్నదే కథకు దుఃఖము. పేరులోని 'తెల్ల' అను మాటకు అర్థమదియే. తమ భయమును తాము చెప్పుకొన్న జనుల నుండి ఆ భయమునుకూడ తీసికొని ఇతరులకిచ్చిరి.

ఇట్టి పూర్వకథ గల నాట్యములోనికి 1968లో బెన్ అడుగుపెట్టెను. అతడు వణకడు. లోపలికి రాగానే ఇల్లంతయు కలయజూచి, బల్లలు విఱిచి, తలుపులు పెఱికి, కిటికీలకు మేకులు కొట్టును. సుత్తి చప్పుడు చాలసేపు వినవచ్చును. శాస్త్రము వీరమునకు స్థాయిభావము ఉత్సాహమని చెప్పినది. ఉత్సాహమనగా ఎగిరిగంతులు వేయుట కాదు, చేయదగిన పనియందు మనస్సు నిలుపుట. బెన్ సుత్తి పట్టుకొన్నప్పుడు నాకు ఆ మాటకు అర్థము తెలిసినది. మఱి భయమెక్కడ నున్నది? మెడపట్టీ కట్టుకొన్న కూపర్ దగ్గఱ నున్నది. నేలమాళిగ తలుపు వేసికొని కూర్చుందమని అఱచువాడు ఆతడే. శాస్త్రము చెప్పిన రెండు రసములును పాత్రములు మార్చుకొన్నవి.

ఆ బెన్ వేషము వేసినవాడు డ్వేన్ జోన్స్ అను రంగస్థల నటుడు. వేషమును నల్లవాని కొఱకని వ్రాయలేదనియు, పరీక్షించినవారిలో అందఱికంటె ఆతడే బాగుగా చేసినందున ఇచ్చితిమనియు రొమేరో పలుమార్లు చెప్పెను. వ్రాతప్రతిలో బెన్ చదువురాని మోటు లారీడ్రైవరు. జోన్స్ ఆ మోటుమాటలు పలుకుటకు ఇష్టపడక, తనకు సహజమైన చదువరి భాషలోనికి సంభాషణలను మార్చుకొనెను. నా కాతనియందు ప్రత్యేకాభిమానము కలుగుటకు మఱియొక కారణము కలదు. ఆతడు ఉపాధ్యాయుడు. సాహిత్యము బోధించెను, తరువాత న్యూయార్కు రాష్ట్రమున ఓల్డ్ వెస్ట్‌బరీలోని కళాశాల నాటకశాలను నడిపెను. 1988లో చనిపోయెను.

అందఱికంటె బాగుగా చేసినందున ఇచ్చితిమి — ఈ మాటయే నా నిద్ర చెఱచినది. నేను పనిచేసిన ఒక పల్లెబడిలో ఏటేట వార్షికోత్సవమునకు పిల్లలచేత చిన్న నాటకము వేయించువాడను. నాటకము నేనే వ్రాయుదును. ఒక రాజకుమారుడు, అతని సేవకుడు, అర్ధరాత్రి, మఱ్ఱిచెట్టు. సేవకుడు దయ్యమని వణకుచు యజమాని కాళ్ల సందున దూరును. ఊరు ఊరంతయు నవ్వును. కథలు మారినను ఈ ఘట్టము మాత్రము మారదు; అది పండునని నాకు తెలియును. ఆ సేవకుని వేషము ఏటేట చెఱువుకవతలి మాలపల్లె పిల్లలలో ఒకనికి ఇచ్చుచుంటిని. ఎందుకిచ్చితివని ఎవరును నన్ను అడుగలేదు; నన్ను నేనును అడుగుకొనలేదు. ఆ పల్లె బాలుడొకడు పద్యము చదివినచో గంట మ్రోగినట్లుండెడిది. మూడవయేడు వేషములు పంచుచుండగా వాడు దగ్గఱకు వచ్చి, "పంతులుగారూ, ఈ యేడైనా నాకు భయపడని వేషం ఇయ్యరా అండీ?" అని అడిగెను. నేను కోపపడలేదు. కోపపడినను బాగుండెడిది. నవ్వి, భుజము తట్టి, "నాయనా, భయము నటించుట కష్టము, అది నీవే చేయగలవు" అంటిని. లోలోపల మునివాక్యము కూడ మెదలినది. వాడు ఆ యేడు వణకెను, ఊరు నవ్వెను. మఱుసటి యేడు నాటకమునకు పేరు ఇయ్యలేదు. పద్యము చదువుటకు కూడ రాలేదు.

ఇక సినిమాకు వత్తును. అందులో బెన్ నల్లవాడని ఒక్కరును, ఒక్కమారును అనరు. కూపర్ ఆతనితో తగవులాడును, తలుపు మూసి ఆతనిని చావునకు విడువజూచును, తుపాకి లాగికొనును. వర్ణమును గూర్చిన మాట ఒకటియు లేదు. మా అలంకారశాస్త్రమున దీనికి ధ్వని యని పేరు. వాచ్యముగా లేనిది వ్యంగ్యముగా వెలయుట. చెప్పినచో ఒకవంతు తెలియును, చెప్పకున్నచో నాలుగువంతులు తెలియును. ఐతే ధ్వని సహృదయునకే తెలియునని కూడ చెప్పిరి. 1968లో అమెరికాలో ఆ సినిమా చూచినవానికి సహృదయుడు కావలసిన శ్రమ కూడ లేదు. ఆ యర్థము వీథులలోనే యుండెను.

అంత్యదృశ్యము వినుడు. తక్కినవారందఱు చత్తురు. బెన్ ఒక్కడే నేలమాళిగలో మిగులును. తెల్లవాఱును. పోలీసు అధికారి, తుపాకులు పట్టిన ఊరివారు, వేటకుక్కలు పొలములు గాలించుచు వత్తురు. మనుష్యుల అలికిడి విని బెన్ మెల్లగా పైకి వచ్చి కిటికీ నుండి తొంగిచూచును. దూరము నుండి ఒకడు తుపాకి గుఱిపెట్టును. పీనుగనుకొనిరో, మఱేమనుకొనిరో, అడుగువాడు లేడు. ఒక్క గుండు నుదుట తగులును. రాత్రియంతయు దయ్యములు చంపలేనివానిని పగటివేళ రక్షింపవచ్చినవారు చంపుదురు. అటుపిమ్మట కదలెడి బొమ్మలు ఆగిపోయి, పత్రికలలో అచ్చువేసిన ఫోటోల వంటి గరుకైన నిశ్చలచిత్రములు ఒకటొకటిగా వచ్చును. మాంసపు కొంకులు పట్టిన చేతులు, ఈడ్చుకొనిపోవు దేహము, కట్టెల ప్రోగు, మంట.

ఆ ఫోటోలు అమెరికావారికి క్రొత్తవి కావు. నల్లవారిని మూకలు గూడి విచారణ లేక చంపి, ఆ శవము ప్రక్కన నిలువబడి ఫోటోలు తీయించుకొన్న దినములు ఆ దేశమున కలవు. టస్కెగీ విద్యాసంస్థవారు వ్రాసియుంచిన లెక్కలో 1882 మొదలు 1968 వఱకు అట్లు చంపబడినవారు 4,743 మంది. వారిలో 3,446 మంది నల్లవారు. ఆ లెక్కకు చివరి సంవత్సరమును, ఈ సినిమా వచ్చిన సంవత్సరమును ఒకటియే యగుట నేను గమనించి కొంతసేపు ఊరకుంటిని.

బెన్‌ను బ్రతికించి సుఖాంతము చేసినయెడల సొమ్ము వచ్చునని సినిమా వ్యాపారులు సలహా ఇచ్చిరి. రొమేరో మార్చలేదు. జోన్స్ కూడ అట్లే యుండవలెనని పట్టుపట్టెను. జరిగినదంతయు జరిగిన తరువాత బెన్‌ను ఏదో యొక తీరున రక్షించి చూపుట కంటె చనిపోవుటయే తన జనులు సత్యమని ఒప్పుకొందురని ఆతని అభిప్రాయము. రొమేరో వర్ణమును తలచలేదన్నాడు, నమ్ముదును. తలచినవాడు జోన్స్. ఆ చర్మములో బ్రతుకుచున్నవానికి తలపకుండుట ఎట్లు సాధ్యము?

ముగిసిన సినిమా తొలిప్రతిని కారు వెనుకపెట్టెలో పెట్టుకొని, కొనువారిని వెదకుటకు రొమేరో న్యూయార్కు పోవుచుండగా, త్రోవలో కారులోని రేడియో ఒక వార్త చెప్పినది. అది 1968 ఏప్రిల్ 4వ తేదీ. మెంఫిస్ పట్టణమున మార్టిన్ లూథర్ కింగుగారిని తుపాకితో కాల్చి చంపిరి. అహింసను గాంధీమహాత్ముని వలన నేర్చుకొంటినని చెప్పిన పుణ్యమూర్తి ఆయన. పెట్టెలోని ఫిలిములో బెన్ అప్పటికే చనిపోయియున్నాడు.

రేడియో మాట వచ్చినది గనుక ఒక సంగతి. ఆ సినిమాలో రేడియోయు టెలివిజనును పెద్ద పాత్రలు. ఇల్లు కదలవద్దని ముందు చెప్పును. రక్షణస్థలములకు పొండని తరువాత చెప్పును. ఆ రెండవమాట విని లారీకి పెట్రోలు పోయబోయి యువజంట మంటలలో కాలిపోదురు. రేడియో ముందఱ కూర్చుండి ఈ కథ చెప్పుట నాకు కొంచెము ఇబ్బందిగా నున్నది, రేడియోవారు క్షమింతురుగాక.

బెన్ దోషములు లేనివాడని మీరనుకొనవలదు. నేలమాళిగ మృత్యుద్వారమని ఆతడు మొదటి నుండి వాదించును. తుదకు ఆతని ప్రాణము తెల్లవాఱువఱకు నిలిపినది ఆ నేలమాళిగయే! ఈ విషయమున పిఱికివాడైన కూపర్ చెప్పినదే నిజమైనది. బెన్ కోపమున కూపర్‌ను కాల్చును కూడ. మొదట నాకిది రుచింపలేదు. ఇన్నాళ్లకు నల్లవానికి నాయకత్వమిచ్చి, మచ్చ పెట్టుటెందుకు అనుకొంటిని. మా మనుమడు, "తప్పు చేయకూడదంటే వాడు మనిషెట్లా అవుతాడు తాతయ్యా?" అనెను. ధర్మరాజు జూదమాడెను గదా యని నాకప్పుడు తోచినది. మచ్చలేని పాత్రము గోడమీది పటము. పొరపాటు చేయుటకు కూడ హక్కు కావలెను.

మునిసూత్రములో ఒక సగమును ఈ సినిమా విఱిచినది. రెండవ సగమును ముట్టలేదు. బార్బ్రా కథారంభమున కొంత పరుగెత్తును. ఆ పిమ్మట సోఫాపై కూర్చుండి శూన్యముగా చూచుచుండును. బెన్ ఆమెను కొట్టును కూడ. అన్నను కన్నులయెదుట పోగొట్టుకొన్నది మ్రాన్పడుట సహజమే. కాని ఇల్లంతయు పనిచేయుచుండగా స్త్రీ యొక్కతెయే భయమునకు పీటవేసికొని కూర్చుండవలెనా? ఈ లోపము రొమేరోకు తెలియకపోలేదు. 1990లో టామ్ సావినీ దర్శకత్వమున ఈ కథను మరల తీసినప్పుడు, వ్రాసినవాడు రొమేరోయే. అందులో బార్బరా తుపాకి పట్టును. దయ్యములు మెల్లగా నడచును గనుక నడుమనుండి తప్పించుకొని పోవచ్చునని అందఱికంటె ముందు గ్రహించునది ఆమెయే. బ్రతికి బయటపడునదియు ఆమెయే. తాను వ్రాసినది ఇరువదిరెండేండ్ల తరువాత దిద్దుకొన్నాడు. ఉపాధ్యాయుడనగుటచే ఎఱ్ఱసిరా దిద్దుబాటు చూచిన నాకు ముచ్చట.

ఇంకొక్క సినిమా చెప్పి ముగింతును. 2017లో జోర్డన్ పీల్ అను నల్లజాతి దర్శకుడు 'గెట్ అవుట్' అనునది తీసెను. క్రిస్ అను నల్ల యువకుడు తన తెల్ల ప్రేయసి తల్లిదండ్రులను చూడబోవును. వారందఱును మిక్కిలి మర్యాదగలవారు. ఆ మర్యాదయే ఒడలు గగుర్పొడుచునట్లుండును. నల్లవారి దేహములు అపహరించి, వానిలో తమవారి మెదడులు పెట్టించుట వారి వ్యాపారము. హెయితి చెఱకుతోట బానిస భయమే మరల వచ్చినది చూడుడు: దేహము పనిచేయుచుండును, లోపలివాడు ఉండడు. ఇందులో క్రిస్ భయపడును. కన్నులు వెడల్పు చేయును, కన్నీరు కార్చును. ఐనను ఒక్కరును నవ్వరు. ఆతని భయమును చూచువారందఱు తమదిగా పంచుకొందురు. విల్లీ బెస్ట్ కన్నులును ఆ కన్నులే, చూచువారు మారిరి. చివర రక్తసిక్తుడై క్రిస్ రోడ్డుమీద నుండగా పోలీసుబండి దీపములు కనబడును. రక్షకులు వచ్చిరని ఎవరును సంతోషింపరు, గుండెలు జాఱును. మొదట తీసిన ముగింపున పోలీసులు ఆతనిని ఖైదు చేసిరి. తరువాత పీల్ దానిని మార్చి, ఆ బండి నుండి క్రిస్ స్నేహితుడు దిగునట్లు చేసెను. ఆ కథారచనకు 2018లో ఆస్కారు బహుమానము లభించినది. స్వతంత్ర కథారచనలో దానిని పొందిన తొలి నల్లజాతివాడు పీల్.

ఇది చూచినది మొదలు మా బడి బాలుని మాట మరల మరల జ్ఞప్తికి వచ్చుచున్నది. వాడు నన్ను కోరినది భయము లేని వేషమా, లేక నవ్వు లేని భయమా? ఆనాడు నేను విన్నది వాడన్న మాటయేనా అని నాకిప్పుడు సందేహము.

'బ్రతికిన పీనుగుల రాత్రి'ని చూడగోరువారికి ఒక సౌకర్యము కలదు. మొదట దానికి వేఱొక పేరు పెట్టిరి. పంచిపెట్టు కంపెనీవారు పేరు మార్చునప్పుడు హక్కుల ప్రకటన వేయుట మఱచిరి. ఆనాటి చట్టప్రకారము ఆ పొరపాటుతో హక్కు పోయి, సినిమా అందఱి సొత్తు అయినది. ఎవరైనను రుసుము లేక చూడవచ్చును. పాపము, తీసినవారికి రావలసిన సొమ్ము చాలవఱకు రాలేదు. 1999లో అమెరికా ప్రభుత్వము తమ జాతీయ చలనచిత్రముల పట్టికలో చేర్చి భద్రపఱచినది. అయితే పసిపిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొనవలదు. 1969లో షికాగో నగరమున మధ్యాహ్నపు ఆటకు వచ్చిన చిన్నపిల్లలు దీనిని చూచి ఏడ్చిరని రోజర్ ఈబర్ట్ అను విమర్శకుడు పత్రికలో వ్రాసెను. నన్ను పడుకొమ్మనిన మా మనుమడు కూడ ఆ రాత్రి దీపము ఆర్పనియ్యలేదు.

నా కిచ్చిన కాలము ముగిసినది.